నాన్నగారి అంబాసిడర్‌ను ఉంచుకోవాలా, ఇచ్చేసి పికప్ తెచ్చుకోవాలా?

మామిడితోట_నూజివీడు
మా ఇంట్లో తెల్ల అంబాసిడర్ ఉంది. 1994లో నాన్నగారు కొన్నారు. 1800 ఐఎస్‌జెడ్, పెట్రోలు, ఐదు గేర్లు. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి నేనే నడుపుతున్నాను. రోజూ తోటకు 9 కిలోమీటర్లు, అందులో చివరి 2 కిలోమీటర్లు కంకర బాట. నెలకు రెండు మూడుసార్లు అమ్మను మోకాళ్ల వైద్యానికి విజయవాడ తీసుకెళ్లాలి. వేసవిలో మామిడికాయ నున్న ఊరి మార్కెట్‌కు వెళ్లాలి.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్ ఒకటి వాడినది చూశాను, 2021 మోడల్. తోటకు, ఇంటికి, కాయకు అన్నిటికీ ఒకే బండి సరిపోతుందని ఆశ. కానీ అమ్మే ఆయన అంబాసిడర్‌ను మార్పిడికి తీసుకుంటానని చెప్పిన ధర విని రాత్రి నిద్ర పట్టలేదు. తుక్కు ధర అది. రెండు రకాల బండ్లూ నడిపినవారు ఉంటే పోల్చి చెప్పండి.

తెల్లబండి_తెనాలి
అమ్మకండి.

తెల్లబండి_తెనాలి
పై మాట మరీ పొట్టిగా అయింది. మా నాన్న 1987లో కొన్న డీజిల్ అంబాసిడర్‌ను నేను 2015లో అమ్మాను. అంబాసిడర్ తయారయ్యే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో ఆగిపోయింది, ఇక సామాను దొరకదని అందరూ భయపెట్టారు. నేటికీ దొరుకుతోంది. ఆ బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండుసార్లు ఏలూరు వెళ్లి వచ్చాను. దొరకలేదు.

లోడు_సుబ్బయ్య
తెనాలి వారి బాధ అర్థమైంది. కానీ అడిగిన మనిషి మామిడి రైతు. కాయ ఎలా మోయాలి? వెనక డబ్బా ఉన్న బండి ఉంటే ట్రేలు, స్ప్రే పంపు, పైపులు, ఎరువు అన్నీ వెళ్తాయి. అంబాసిడర్ డిక్కీలో ఎన్ని ట్రేలు పడతాయి? పికప్ తీసుకోండి, ఆలోచించకండి.

శ్రీసిటీ_చెంత
నూజివీడు గారూ, మీ బండి ఐఎస్‌జెడ్ అన్నారు కదా. ఆ అక్షరాలు దేనికో తెలుసా? అందులో ఉన్నది ఇసుజు ఇంజనే! పాత అంబాసిడర్లలో ఉండేది 1489 సీసీ బ్రిటిష్ ఇంజను. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజను, దాని ఐదు గేర్ల పెట్టె తెచ్చి ఆ పాత ఒంట్లో పెట్టారు. స్టీరింగ్ పక్కన ఉండే గేరు కర్ర అప్పుడే నేల మీదకు వచ్చింది. మీరు ఇసుజు నుంచి ఇసుజుకే వెళ్లాలనుకుంటున్నారు.

మాది సత్యవేడు. శ్రీసిటీలో ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైనప్పుడు మా ఊరి పిల్లలు చాలామంది అందులో చేరారు. వి-క్రాస్ రోడ్డు మీద కనబడితే మా ఊరి పెళ్లికూతురు కనబడినంత సంతోషం నాకు. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది.

మామిడితోట_నూజివీడు
30 ఏళ్లు ఇంట్లో ఉన్న బండి. ఆ అక్షరాల అర్థం ఈ రోజే తెలిసింది. నాన్నగారికి తెలిసే ఉంటుంది. నేనే ఎప్పుడూ అడగలేదు.

ఆటోనగర్_బాషా
35 ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు. రెండు రకాల బండ్లూ నా చేతి కిందికి వస్తాయి. నాలుగు మాటలు చెబుతాను.

అంబాసిడర్ లారీలాగా ఛాసిస్ (విడి ఇనుప చట్రం) మీద కట్టిన బండి అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 1957లో వచ్చినప్పటి నుంచీ దాని ఒళ్లే దాని ఎముక, అంతా ఒకటే ముక్క. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చు అది. ఛాసిస్ మీద కట్టినది పికప్పే. దీనివల్ల తేడా ఏమిటంటే, పికప్ డబ్బాకు తుప్పు పడితే డబ్బా మార్చుకోవచ్చు. అంబాసిడర్‌కు తలుపుల కింది అంచుల్లోనో, జాకీ పెట్టే చోటో తుప్పు పడితే బండి నడుమే బలహీనపడుతుంది. పైన ఎంత పాలిష్ చేసినా లాభం లేదు. ముందు ఆ చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిందంటే టింకరింగ్ పెద్దదే.

వెనక మాత్రం రెంటికీ కమాను పట్టీలే. అంబాసిడర్ పట్టీలు మనుషుల కోసం అమర్చినవి. పికప్ పట్టీలు బరువు కోసం అమర్చినవి. ఖాళీ పికప్ కంకర బాట మీద వెనక ఎగురుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టే ముందు ఒకసారి మీరు కూర్చుని చూడండి.

సామానుకు భయపడకండి. మా దగ్గర లేనిది కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పిస్తాం. మీ ఐఎస్‌జెడ్ ఇంజను భాగాలు మాత్రం పాత 1489 ఇంజను భాగాలంత సులువుగా దొరకవు, అది ముందే తెలుసుకోండి.

డబ్బాలెక్క
సుబ్బయ్య గారి మాటకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి, కానీ ఇక్కడ పెద్ద పొరపాటు జరుగుతోంది. వి-క్రాస్, హైలక్స్ లాంటి ఐదు సీట్ల పికప్‌లు తెల్ల నంబరు పలక మీద వ్యక్తిగత వాహనాలుగా రిజిస్టర్ అవుతాయి. వెనక డబ్బా చూసి టన్ను మోస్తుందని అనుకుంటాం. ఐదుగురు మనుషుల బరువు పోగా కాగితాల ప్రకారం మిగిలే మోత చాలా తక్కువ. కొనే ముందు ఆర్సీలో స్థూల బరువు, ఖాళీ బరువు రెండూ చూసి తీసివేత చేయండి.

ఒక ట్రేకు 25 కిలోల కాయ అనుకుంటే 40 ట్రేలకే టన్ను. బొలేరో మ్యాక్స్ పికప్ 1.3 టన్నుల నుంచి 2 టన్నుల వరకు మోస్తుంది, అది పసుపు పలక బండి, మోయడానికే పుట్టింది. వి-క్రాస్‌తో కాయ తోలాలనుకోవడం పెళ్లి పల్లకిలో ఎరువు మోయడం లాంటిది.

లోడు_సుబ్బయ్య
నేను పసుపు పలక బండినే దృష్టిలో పెట్టుకుని చెప్పాను. నా దగ్గర ఉన్నది బొలేరోనే. ఆయన అడిగినది వి-క్రాస్ అన్న సంగతి సరిగా చదవలేదు. డబ్బాలెక్క గారు చెప్పింది నిజం. అయితే ఇంటికి కూడా అదే బండి అన్నారు కాబట్టి పసుపు పలక ఆయనకు కుదరదు. కొత్తలో రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కు తిప్పాలి. సీజన్ ఆరు వారాలు బొలేరో అద్దెకు పెట్టుకోవడమే మేలు.

వరద_సింగ్‌నగర్
2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిని ముంచినప్పుడు మా ఇంటి ముందు రెండు బండ్లు ఉన్నాయి. మామయ్య గారి పాత పెట్రోలు అంబాసిడర్, పక్కింటి వారి ఏడాది వయసు కారు. రెండూ స్టీరింగ్ దాకా మునిగాయి. నీరు దిగాక మేస్త్రి వచ్చి అంబాసిడర్ ప్లగ్గులు తీసి ఇంజనులోని నీళ్లు బయటికి తోయించాడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచి ఆరబెట్టాడు, ఇంజను ఆయిల్, గేరు ఆయిల్ మార్చాడు, ట్యాంకు కడిగాడు. నాలుగో రోజుకు స్టార్టయింది! సీట్ల కంపు పోవడానికి మాత్రం నెల పట్టింది. పక్కింటి బండికి వైరింగు, కంప్యూటర్ పెట్టెలు అన్నీ పోయాయి, బీమావారు దాన్ని మొత్తం నష్టం కింద రాసేశారు.

హైలక్స్_కర్నూలు
ఆ పోలిక పూర్తిగా న్యాయం కాదండీ. మునిగి నిలబడిన బండి వేరు, నీళ్లలో నడిచే బండి వేరు. నా హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడుస్తుందని తయారీదారులే చెబుతారు. హంద్రీ వాగు పొంగినప్పుడు అంబాసిడర్‌తో దిగితే ఫ్యాన్ నీళ్లు చిమ్మి డిస్ట్రిబ్యూటర్ తడిసి నడిమధ్యలో ఆగుతుంది. మా చిన్నప్పుడు మా నాన్నతో అలా రెండు గంటలు బండి పైకప్పు మీద కూర్చున్నాను. (పొంగే వాగులో ఏ బండితోనూ దిగవద్దు, అది వేరే సంగతి.)

ఇంకో మాట. మీ అంబాసిడర్ ఇంజను 75 గుర్రాల బలం. వి-క్రాస్ 1.9 లీటర్ల డీజిల్ 163. అది రెట్టింపు బరువుకు దగ్గరగా ఉన్న బండి, అయినా జాతీయ రహదారి మీద లారీని దాటేటప్పుడు తేడా గుండెకు తెలుస్తుంది.

కొండదారి
గుండె మాట వచ్చింది కాబట్టి బ్రేకుల మాట చెప్పాలి. 2003లో తిరుమల నుంచి కిందికి దిగుతున్నాం, అంబాసిడర్‌లో ఆరుగురం. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. సగం దారిలో బ్రేకు పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. డ్రమ్ములు కాగిపోయాయి. కాలిన వాసన. నాన్న రెండో గేరులోకి దింపి, కొండ వైపు అంచుకు ఒత్తుకుంటూ ఒక మలుపు దగ్గర ఆపారు. అరగంట ఆగాం. అమ్మ గోవింద నామాలు ఆపలేదు. ఆ రోజు నుంచి ఘాట్ రోడ్డులో ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలన్న సూత్రం మా ఇంట్లో అందరికీ కంఠస్థం.

కొత్త పికప్‌లో ముందు డిస్కులు, ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది), ఎయిర్ బ్యాగులు ఉంటాయి. జ్ఞాపకం ఎంత గొప్పదైనా, మంచి బ్రేకుల విలువ ఆ మలుపు దగ్గర నాకు తెలిసింది.

తెల్లబండి_తెనాలి
డ్రమ్ములు సరిగా సర్దించుకుంటే, లైనింగులు మంచివి వేయించుకుంటే అంత ఇబ్బంది రాదు. ఊళ్లో నడిపే బండికి తిరుమల ఘాట్ ఉదాహరణ ఎందుకు?

కొండదారి
ఆయన నెలకు మూడుసార్లు విజయవాడ వెళ్తున్నారు. అమ్మగారు కూర్చుంటున్నారు. అందుకు.

పద్మ_మియాపూర్
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి ఆర్సీ పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మీది 1994 బండి కాబట్టి తర్వాతి పునరుద్ధరణ 2029లో వస్తుంది. గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం.

పాతకాలపు బండిగా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుందామని కొందరు సలహా ఇస్తారు. 2021 నిబంధన ప్రకారం దానికి 50 ఏళ్లు నిండాలి. మీ బండికి 2044లో నిండుతాయి. పైగా వింటేజ్ పలక పెట్టాక రోజువారీ ప్రయాణానికి తీయకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి మాత్రమే. తోటకు తీసుకెళ్లలేరు.

డాలస్_బాబాయి
టెక్సస్‌లో పికప్ ఇంటి బండే. ఇక్కడ ఫోర్డ్ ఎఫ్ సిరీస్ దశాబ్దాలుగా దేశంలోనే ఎక్కువ అమ్ముడయ్యే బండి. నా దగ్గర ఎఫ్-150 ఉంది. అద్దె ఇల్లు మారే ప్రతి తెలుగు కుటుంబం శనివారం ఉదయం నాకే ఫోను చేస్తుంది, ఇప్పటికి ఎన్ని సోఫాలు మోశానో లెక్కలేదు. కానీ దాన్ని గ్యారేజీలో పెట్టలేక బయటే ఉంచుతాను. మీ ఇంటి గేటు, సందు ఎంత వెడల్పో చూశారా?

మామిడితోట_నూజివీడు
బాబాయి గారి మాట విని టేపు పట్టుకుని కొలిచాను. వసారా పొడవు 4.9 మీటర్లు. అంబాసిడర్ 4.3 మీటర్లు, హాయిగా పడుతుంది. వి-క్రాస్ దాదాపు 5.3. గేటు మూయలేం.

శ్రీసిటీ_చెంత
గేటును రెండు అడుగులు బయటికి జరపవచ్చు కదా!

పద్మ_మియాపూర్
రోడ్డు మీదికి జరిపితే మున్సిపాలిటీ వారు వస్తారు.

చిన్నప్రయాణం
బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ పికప్ కొనేవారు ఒక సంగతి గమనించండి. పొగగొట్టంలో మసిని పట్టుకునే ఫిల్టరు ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కి కొంతసేపు వేగంగా నడిస్తేనే అందులోని మసి కాలిపోతుంది. నేను ఒక కంపెనీ పికప్ కొని ఏడాదంతా ఇంటి నుంచి చేలకు 4 కిలోమీటర్లు మాత్రమే తిప్పాను. హెచ్చరిక దీపం వెలిగింది, పట్టించుకోలేదు. చివరకు బండి వేగం అందుకోవడం మానేసింది, శుభ్రం చేయించడానికి వేలల్లో పోశాను. ఇప్పుడు వారానికోసారి హైవే మీద అరగంట తిప్పుతున్నాను. నూజివీడు గారి 9 కిలోమీటర్ల తోట ప్రయాణం కూడా చిన్నదే. విజయవాడ ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి కొంత నయం.

ఆటోనగర్_బాషా
చిన్నప్రయాణం గారు చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజం. అలాంటివి నెలకు రెండు వస్తాయి నాకు.

పెట్రోలు బండికీ ఇప్పుడు ఒక బెడద ఉంది. బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. 1994 నాటి రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు దానికి తయారైనవి కావు. మెత్తబడి, ఉబ్బి, చివరకు కారతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. వారాల తరబడి బండి కదలకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఉంచుకుంటే వీటన్నిటినీ ముందే మార్పించండి. పెద్ద ఖర్చు కాదు.

తోట_కోడలు
నేను నూజివీడు గారి భార్యను. ఆయన రెండు రోజులుగా ఫోను పట్టుకుని ఇదే చదువుతుంటే నేనూ చేరాను.

అందరూ తోట అన్నారు, కాయ అన్నారు, మామయ్యగారి జ్ఞాపకం అన్నారు. కొండదారి గారు ఒక్కరే లోపల కూర్చునేవారి సంగతి తీశారు. ఆ బండిని ఆయన ఒక్కరే నడపరు, నేనూ నడుపుతాను. క్రితం ఆషాఢంలో అత్తయ్యను చూపించి విజయవాడ నుంచి వస్తున్నాం. ఆగిరిపల్లి దాటాక చీకటి, జోరున వాన. వైపర్లు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో తిరుగుతున్నాయి, అద్దాల మీద ఆవిరి. ఎదురుగా దీపాలు లేని ట్రాక్టరు. నేను బ్రేకు తొక్కాను, బండి ఎడమకు లాగేసి మట్టిలో దిగింది. వెనక ఇద్దరు పిల్లలు, బెల్టులు లేవు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి ఈయనకు సగమే చెప్పాను.

మామయ్యగారంటే నాకు ప్రాణం. ఆ బండిలోనే నేను ఈ ఇంటికి వచ్చాను, ముందు సీట్లో ఆయనే కూర్చుని నడిపారు. ఆ బండి తుక్కుకు పోతే నేను తట్టుకోలేను. కానీ రాత్రి పూట పిల్లలతో దాన్ని రోడ్డెక్కించను.

మామిడితోట_నూజివీడు
ట్రాక్టరు సంగతి నాకు నిజంగా తెలియదు. తర్వాత రాస్తాను.

కొండదారి
అమ్మా, మీరు రాసినందుకు ధన్యవాదాలు. ఎడమకు లాగడం అంటే ఒక చక్రం బ్రేకు సిలిండరు కారుతోందేమో, లైనింగుకు నూనె అంటిందేమో. ఎవరు నడిపినా సరే, బాగుచేయించకుండా ఆ బండి తీయకండి.

తెల్లబండి_తెనాలి
నేను మొదట రాసిన ఒక్క మాట వెనక్కి తీసుకోను. అమ్మకండి. కానీ కోడలు గారు చెప్పింది చదివాక కొండదారి గారితో వాదించినందుకు బాధగా ఉంది. మా ఇంట్లోనూ ఆ బండిని అమ్మమని అడిగింది మా ఆవిడే, కారణం నేను అడగనే లేదు. ఈ సాయంత్రం అడుగుతాను.

హైలక్స్_కర్నూలు
ఇప్పుడు ప్రశ్న మారింది. రాత్రి ప్రయాణానికి భద్రమైన బండి కావాలి. దానికి పికప్పే కానక్కరలేదు. మామూలు కారైనా చాలు. పికప్ ఉన్నవాణ్ణి నేనే చెబుతున్నాను, అమ్మగారి మోకాళ్లకు ఆ ఎత్తు కష్టం.

మామిడితోట_నూజివీడు
నిన్న అమ్మను, పిల్లలను తీసుకుని వి-క్రాస్ నడిపి చూశాం. డబ్బాలెక్క గారు చెప్పినట్టు ఆర్సీ తీసుకుని లెక్క వేశాను. మనుషులు ఎక్కాక మిగిలేది పది పన్నెండు ట్రేల బరువు కూడా లేదు. కాయ ఆశ అక్కడితో పోయింది. కంకర బాట మీద బాషా గారు చెప్పినట్టే వెనక ఎగిరింది. పెద్దవాడికి అది బాగా నచ్చింది, ఇంకోసారి అన్నాడు. అమ్మ ఎక్కడానికి నేను, మా ఆవిడ చెరొక వైపు పట్టుకోవలసి వచ్చింది. దిగాక అమ్మ ఒక్క మాటే అంది: "బండి బాగుంది నాన్నా, నేను మాత్రం మన బండిలోనే వస్తాను, పగలు వెళ్దాం."

ఇంటికి వచ్చి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. పికప్ వద్దనుకున్నాం. ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ ఉండి, అమ్మ కాలు సులువుగా పెట్టగల ఎత్తు ఉన్న మామూలు కారు వాడినది చూస్తున్నాం, మా ఆవిడ ఎంపిక. కాయకు సుబ్బయ్య గారి సలహా ప్రకారం సీజన్‌లో బొలేరో అద్దెకు. అంబాసిడర్ ఇంట్లోనే ఉంటుంది. తోటకు, పగటి పూట ఊళ్లోకి నేను నడుపుతాను. వసారా దానిదే, కొత్త కారు వేపచెట్టు కింద ఉంటుంది.

బాషా గారూ, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను. కుడి వైపు గట్టిగా ఉంది. ఎడమ వెనక తలుపు కింద అరచేయంత మేర లోపలికి దిగింది.

శ్రీసిటీ_చెంత
మా ఊరి పెళ్లికూతురిని కాదన్నారు. అయినా ఇసుజు ఇంజను ఇంట్లోనే ఉంది కదా, నాకు అది చాలు.

ఆటోనగర్_బాషా
అరచేయంతే అయితే భయం లేదు. ఆ ముక్క కోసి కొత్త రేకు అతికిస్తాను, అతుకు కనబడదు. బ్రేకు సిలిండర్లు నాలుగూ, లైనింగులు, పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం అన్నీ ఒకేసారి చేద్దాం. వెనక సీటుకు బెల్టులు కూడా బిగించవచ్చు, ఆ తలుపు అంచు గట్టిపడ్డాక. పది రోజులు పడుతుంది.

మామిడితోట_నూజివీడు
ఆదివారం తీసుకురావచ్చా?

ఆటోనగర్_బాషా
ఆదివారం షెడ్డు మూత. సోమవారం ఉదయం తొమ్మిదికి రండి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంచుకుని రండి, దింపి కడగాలి. మెల్లగా రండి, ఒక్కరే రండి.